టికెట్టు ముందా... వీసా ముందా?

మంగంపేట ముగ్గురాయి ఓడెక్కి దేశాలు దాటుతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల మనుషులు విమానమెక్కి దాటుతారు. రాయి మాత్రం కాగితాలన్నీ పూర్తయ్యాకే కదులుతుంది. మనిషి అలా కాదు... వీసా చేతికి రాకముందే టికెట్టు కొనేస్తాడు! ఎందుకా తొందర? దాని ఖరీదెంత?

కడప నుంచి తిరుపతి వెళ్లే దారిలో రాజంపేట, పుల్లంపేట దాటాక చెట్ల ఆకులు రంగు మారతాయి. పచ్చటి ఆకు మీద బూడిదరంగు పొడి పేరుకుని ఉంటుంది. రోడ్డు వారన మిల్లుల రొద. ఎదురొచ్చే టిప్పర్లు. కాస్త లోపలికి వెళితే నేల నిలువునా తెగి, మెట్లు మెట్లుగా కిందికి దిగిపోయిన పెద్ద గొయ్యి. అదే మంగంపేట గని. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊరిని ప్రపంచ పటం మీద గుర్తించేది ఆ గొయ్యి వల్లే.

ఇక్కడ దొరికేది ముగ్గురాయి. పొడి చేస్తే వాకిట్లో ముగ్గు వేయడానికి పనికొస్తుంది కాబట్టి ఆ పేరు. భూగర్భ శాస్త్రవేత్తల భాషలో బెరైటీస్. ఒకేచోట ఇంత పెద్ద నిక్షేపం ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. సుమారు 7 కోట్ల 40 లక్షల టన్నులు ఉంటుందని మొదట్లో లెక్కగట్టారు. మన దేశంలో ఉన్న ముగ్గురాయిలో నూటికి 90 పాళ్లకు పైగా ఈ ఒక్క ఊరిదే. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే, అగ్నిపర్వతాల బూడిదతో పాటు పొరలు పొరలుగా పేరుకున్న రాయి ఇది. అందుకే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారక చిహ్నాల జాబితాలో చేర్చింది. తవ్వకం రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఖనిజాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది.

ఈ రాయి గొప్పతనమంతా బరువులో ఉంది. లీటరు నీళ్లు కిలో తూగితే, అంతే చోటు పట్టే ముగ్గురాయి నాలుగు కిలోలు దాటుతుంది. చమురు బావి తవ్వేటప్పుడు భూమి లోపలి నుంచి గ్యాసు, చమురు ఒక్కసారిగా ఎగదన్నకుండా అదిమిపట్టాలి. అందుకోసం ముగ్గురాయి పొడి కలిపిన చిక్కటి బురదను బావిలోకి పంపుతారు. తవ్విన రాయిలో ఎక్కువ భాగం పోయేది ఈ పనికే. రంగుల తయారీలోనూ వాడతారు. ఎక్స్‌రే తీసే ముందు ఆసుపత్రిలో తాగించే తెల్లటి బేరియం మందు కూడా ఈ రాయిలోని పదార్థమే.

చమురు బావులు ఉన్నది గల్ఫ్‌లో, అమెరికాలో. ముగ్గురాయి ప్రయాణం కూడా అటే. ఒకప్పుడు చెన్నై రేవు ఒక్కటే దగ్గరి దారి. 2019 సెప్టెంబరు 1న ఓబులవారిపల్లె-వెంకటాచలం రైలు మార్గాన్ని ప్రారంభించారు. వెలికొండలను తొలిచి వేసిన ఈ దారిలో ఒక సొరంగమే ఆరున్నర కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దాంతో కృష్ణపట్నం రేవు దగ్గరైంది.

రాయి దారిలోనే మనిషి

రాయి ఏ దేశాలకు పోతుందో మనుషులూ ఆ దేశాలకే పోతుండటం ఈ ప్రాంతంలో విచిత్రం. గనిలోనో, మిల్లులోనో పని దొరికేది కొందరికి. మామిడి, అరటి, బొప్పాయి తోటలతో కోడూరు వైపు పచ్చగా కనిపించినా ఆ పచ్చదనమంతా బోరుబావుల మీదే. నీళ్లు పాతాళానికి దిగిన ఏడాది రైతుకు మిగిలేది అప్పు. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలు మనుషుల కోసం వెతుక్కుంటున్నప్పుడు రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల వాళ్లకు కువైటు దారి తెరుచుకుంది. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా పోతే, ఆడవాళ్లు ఇంటిపనికి పోయారు. చెల్లెలి పెళ్లి, నాయన అప్పు, కొత్త ఇల్లు... ఒక్కొక్కరిది ఒక్కో లెక్క.

కువైటుతో ఈ పల్లెలకున్న అనుబంధం 1990లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటును ఆక్రమించాయి. అక్కడ చిక్కుకున్న భారతీయుల్లో లక్షా 70 వేల మందికి పైగా జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేరారు. కడప జిల్లా వాళ్లూ అందులో ఉన్నారు. యుద్ధం ముగిశాక చాలామంది మళ్లీ సర్దుకుని అదే దేశం వెళ్లారు. ఇక్కడి బాకీలు అక్కడ తప్ప తీరవు మరి.

నలభై, యాభై ఏళ్లుగా సాగుతున్న ఈ రాకపోకలు ఊళ్ల మాటనే మార్చేశాయి. కఫీలు అంటే యజమాని అనీ, అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి అనీ బడి మొహం చూడని అవ్వ కూడా చెబుతుంది. బయటి దేశం వెళ్లే మనిషి ఎదురైతే ఊళ్లో మొదట అడిగే ప్రశ్న... ‘‘వీసా వచ్చిందా?’’ అని కాదు. ‘‘టికెట్టు తీసినారా అబ్బీ?’’ అని. తీశామంటే ప్రయాణం ఖాయమన్నమాట. చీటీ పాడుకున్న డబ్బు చేతికిస్తారు. బంధువులు పిలిచి భోజనం పెడతారు. తోడబుట్టింది పచ్చడి జాడీ కడుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. టికెట్టు అనేది డబ్బుంటే ఎవరైనా కొనుక్కునే వస్తువు. వీసా అలా కాదు. అది ఇంకొక దేశం ఇష్టపడి ఇవ్వాల్సింది.

ఎందుకింత తొందర?

ముందే టికెట్టు కొనేవాళ్లను తెలివితక్కువ వాళ్లని తీసిపారేయడానికి లేదు. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంటుంది.

మొదటిది ధర. ప్రయాణం తేదీ దగ్గర పడేకొద్దీ విమాన ఛార్జీ పెరుగుతుందన్న సంగతి అందరికీ తెలుసు. నలుగురున్న కుటుంబం అమెరికా వెళ్లాలంటే ఆ తేడా లక్ష దాటొచ్చు. రెండోది మంచిరోజు. ఆషాఢమో, మూఢమో వచ్చేలోపు ఇల్లు కదలాలని పెద్దవాళ్ల పట్టు. మూడోది బడి. అమెరికాలో ఆగస్టులోనో, సెప్టెంబరు మొదట్లోనో బడులు తెరుస్తారు, ఆలోపు చేరాలని పిల్లల తల్లిదండ్రుల ఆరాటం. నాలుగోది అక్కడివాళ్ల ప్రేమ. ‘‘వదినా, టికెట్లు నేనే పంపిస్తున్నా, మీరు బట్టలు సర్దుకోండి’’ అని ఆడబిడ్డ ఫోన్ చేస్తే కాదనేదెవరు?

ఇవి కాక ఇంకొకటి ఉంది, నమ్మకం. టికెట్టు చేతిలో ఉంటే వీసా దానంతటదే వస్తుందనుకుంటారు. హైదరాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ అని పేరొచ్చిందంటే తెలుగువాళ్ల మనసులో వీసాకున్న స్థానం ఏమిటో తెలుస్తుంది. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. అక్కడ కూడా మొక్కు తీర్చుకునేది పని జరిగాకే కదా! టికెట్టు విషయంలో ఆ క్రమం తలకిందులవుతోంది. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని పెద్దలు ఊరికే అనలేదు.

సందర్శకుల వీసాతో ఏర్పడిన అయోమయం కూడా ఇందుకు తోడైంది. యూరప్ దేశాలు కొన్ని పర్యాటక వీసా దరఖాస్తుతో పాటు రానుపోను ప్రయాణ వివరాలు చూపమంటాయి. అక్కడ అడిగేది సీటు రిజర్వు చేసిన కాగితమే, డబ్బంతా కట్టిన టికెట్టు కాదు. ఆ సంగతి విన్నవాళ్లు అన్ని వీసాలకూ టికెట్టు చూపాలనుకుంటారు. అమెరికా వలస వీసాకు అలాంటి నిబంధన లేదు. ఇంటర్వ్యూలో టికెట్టు చూపినా అధికారి నిర్ణయం మారదు.

కువైటు కాగితం

కువైటు పనికి వెళ్లేవాళ్లకు టికెట్టు కంటే ముందు చాలా మెట్లున్నాయి. అక్కడి యజమాని వీసా తీయాలి. ఇక్కడ గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్య పరీక్ష నెగ్గాలి. పోలీసుల నుంచి నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం కావాలి. వీసా ముద్ర పడాలి. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ అని ఉంటుంది. వాళ్లకు 1983 నాటి వలస చట్టం ప్రకారం వలసదారుల సంరక్షణాధికారి అనుమతి కూడా తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండి ఉండాలి. వాళ్లను పంపే పనిని కేంద్రం ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యత ఓంక్యాప్‌ది.

ఈ మెట్లలో ఒక్కటి తప్పినా విమానాశ్రయంలో ఆపేస్తారు. దొంగ ఏజెంట్లు ఆడుకునేది ఇక్కడే. అనుమతులేవీ తీసుకోకుండా ముందుగా టికెట్టు చేతిలో పెడతారు. ‘‘అమ్మా, ఇదిగో టికెట్టు, ఇంక డౌటేముంది?’’ అంటారు. టికెట్టు చూశాక మిగతా డబ్బు ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. కొందరు ఆడవాళ్లను విజిట్ వీసా మీద వేరే గల్ఫ్ దేశానికి తీసుకెళ్లి, అక్కడి నుంచి కువైటు దాటించిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. అలా వెళ్లిన మనిషికి జీతం రాకపోయినా, దెబ్బలు తగిలినా అడిగే దిక్కుండదు. ఎందుకంటే ఆమె పనికి వెళ్లినట్టు మన ప్రభుత్వం దగ్గర లెక్కే ఉండదు. రిజిస్టరైన ఏజెంటు అయితే తీసుకోవాల్సిన సేవా రుసుం గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. రసీదు ఇచ్చి తీరాలి. అంతకు మించి అడిగినా, టికెట్టు చూపించి తొందరపెట్టినా అనుమానించాల్సిందే.

ముంబై పిలుపు

గనికి దగ్గర్లోని ఓబులవారిపల్లె, రైల్వేకోడూరు స్టేషన్లు చెన్నై-ముంబై మార్గం మీదే ఉన్నాయి. ఆ పట్టాల మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళితే వచ్చే ముంబైలోనే, బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో అమెరికా కాన్సులేట్ ఉంది. హైదరాబాద్‌లో 2008 నుంచి అమెరికా కాన్సులేట్ ఉన్నా, మన దేశంలోని వలస వీసా ఇంటర్వ్యూలు దాదాపు అన్నీ జరిగేది ముంబైలోనే. అమెరికా పౌరులైన కొడుకో, కూతురో, అన్నో, అక్కో పిలిస్తే శాశ్వతంగా అక్కడే ఉండటానికి వెళ్లేవాళ్లకిచ్చే వీసా అది.

ఆ పిలుపు కోసం కొందరు సగం జీవితం ఎదురుచూస్తారు. పౌరుల తల్లిదండ్రులకు ఏడాదికి ఇంతమందే అన్న పరిమితి లేదు. తోడబుట్టినవాళ్లకు ఉంది. భారత్ నుంచి 2006లో పడ్డ అర్జీల వంతు 2025లో నడిచింది. అర్జీ వేసినప్పుడు ఒళ్లో ఉన్న పిల్ల ఇంటర్వ్యూ నాటికి కాలేజీలో ఉంటుంది. అంతకాలం ఓపిక పట్టిన కుటుంబాలే ఇంటర్వ్యూ తేదీ రాగానే ఒక్క నెల ఆగలేకపోతుంటాయి. ఉత్తరం చూసి ఉద్యోగానికి రాజీనామా రాస్తారు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేస్తారు. పిల్లల టీసీలు తీసుకుంటారు. పొలానికి బేరం పెడతారు. ఇంటర్వ్యూ అయిన వారానికి విమానం టికెట్లు కొంటారు.

అమెరికా విదేశాంగ శాఖ చెప్పేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. వీసా చేతికి వచ్చేదాకా ఉద్యోగం మానొద్దు, ఆస్తి అమ్మొద్దు, మార్చలేని ప్రయాణ ఏర్పాట్లు చేసుకోవద్దు అని దరఖాస్తుదారులను స్పష్టంగా హెచ్చరిస్తుంది. ఎందుకంటే ఇంటర్వ్యూ పూర్తయిందంటే వీసా వచ్చినట్టు కాదు. పుట్టినతేదీ పత్రంలో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకొకలా ఉందనుకోండి... అధికారి 221(జి) అనే సెక్షన్ కింద కాగితం ఇచ్చి పంపుతాడు. ఇంటిపేరు ముందో వెనకో తేలని మన తెలుగు పేర్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అడిగిన పత్రాలు సమర్పించడానికి ఏడాది గడువుంటుంది. భద్రతా తనిఖీలైతే ఎన్నాళ్లు పడతాయో చెప్పలేరు. వైద్య పరీక్షలో క్షయ అనుమానం వస్తే కఫం పరీక్ష ఫలితం కోసమే వారాలు ఆగాలి. విమానం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

అసలు సంగతి ఏమిటంటే... తొందరపడాల్సిన అవసరమే లేదు! వలస వీసాకు సాధారణంగా ఆరు నెలల దాకా గడువిస్తారు. వైద్య పరీక్ష తేదీని బట్టి కొందరికి తగ్గొచ్చు. ఆ గడువులోపు అమెరికాలో అడుగుపెడితే చాలు. వీసా అతికించిన పాస్‌పోర్టు ఇంటికొచ్చాక టికెట్టు వెతుక్కోవడానికీ, మంచిరోజు చూసుకోవడానికీ, కొండకు వెళ్లి రావడానికీ సమయం మిగులుతుంది.

2020 నేర్పిన పాఠం

వీసాకు ముందే టికెట్టు కొన్నవాళ్లకు 2020ని మించిన పాఠం లేదు. ఆ ఏడాది మార్చి 13 నుంచి కువైటు వాణిజ్య విమానాలను నిలిపేసింది. మార్చి 20న అమెరికా ప్రపంచమంతటా మామూలు వీసా సేవలను ఆపేసింది. మరికొద్ది రోజుల్లో మన దేశం అంతర్జాతీయ విమానాలను రద్దు చేసింది. అవి మళ్లీ పూర్తిస్థాయిలో మొదలైంది 2022 మార్చి 27న.

వలస వీసా కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు ఇంకొక దెబ్బ తగిలింది. 2020 ఏప్రిల్ 22న అప్పటి అధ్యక్షుడు ట్రంప్ చాలా రకాల వలస వీసాల మీద వెళ్లేవాళ్ల ప్రవేశాన్ని ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికే వీసా చేతిలో ఉన్నవాళ్లకు అది వర్తించదు. ఇంకా రానివాళ్లకు వర్తిస్తుంది. అంటే రెండు కుటుంబాలు ఒకే విమానానికి టికెట్లు కొన్నా, ఒకరి పాస్‌పోర్టులో వీసా ఉంది, ఇంకొకరికి లేదు... అంతే తేడా. 2021 ఫిబ్రవరి 24న బైడెన్ ఆ ఉత్తర్వును రద్దు చేసేదాకా పది నెలలు అలాగే గడిచాయి. ఉద్యోగం మాననివాళ్లు నెల జీతంతో ఆ పది నెలలు గట్టెక్కారు. అన్నీ వదిలేసుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా!

డబ్బు తిరిగొస్తుందా?

‘‘రద్దు చేసుకుంటే డబ్బులిస్తారులే’’ అనుకోవడం ఇంకొక పొరపాటు. చవక టికెట్టు చవకగా దొరికేదే డబ్బు తిరిగివ్వమన్న షరతు మీద. వీసా రాలేదన్నది టికెట్టు కొన్నవాళ్ల సమస్యే తప్ప విమాన సంస్థది కాదు. అయితే ప్రయాణికుడికి కొన్ని హక్కులున్నాయి. మన దేశ విమాన సంస్థలు రద్దు ఛార్జీ కింద మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి మించి వసూలు చేయకూడదు. పన్నులు, విమానాశ్రయ రుసుములను తిరిగి ఇవ్వాల్సిందే. విదేశీ సంస్థలైతే తమ దేశ నిబంధనలు పాటిస్తాయి. అమెరికా విమానాలకు అక్కడి రవాణా శాఖ ఇంకొక వెసులుబాటు కల్పించింది. ప్రయాణానికి కనీసం వారం ముందు నేరుగా విమాన సంస్థ దగ్గర టికెట్టు కొంటే, 24 గంటల్లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు, లేదా ఆ ధరకు సీటును 24 గంటలు ఆపి ఉంచుకోవచ్చు. ఈ రెంటిలో ఏదో ఒకటి ఇస్తే చాలు. వీసా నిర్ణయానికి ఆ ఒక్కరోజు ఏపాటి?

విమానమే రద్దయితే లెక్క వేరు. 2020 లాక్‌డౌన్‌లో ఆగిపోయిన ప్రయాణాల టికెట్ల సొమ్ము తిరిగివ్వడంపై సుప్రీంకోర్టు ఆ ఏడాది అక్టోబరు 1న ఆదేశాలిచ్చింది. అయినా ఏజెంటు ద్వారా కొన్నవాళ్లకు ఆ సొమ్ము ఏజెంటు ఖాతాకు చేరి, అక్కణ్నుంచి ఇంటికి రావాలి. అందుకే ముందుగా కొనక తప్పని పరిస్థితిలో తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు, అదీ విమాన సంస్థ దగ్గరే తీసుకోవడం మేలు. ధర కాస్త ఎక్కువైనా అది నష్టం కాదు, బీమా లాంటిది.

చివరగా చేయాల్సిన పని

గని గొయ్యి నుంచి పైకొచ్చిన రాయి నేరుగా ఓడెక్కదు. ముందు దాని బరువు, నాణ్యత చూసి గ్రేడు కడతారు. తూకం వేస్తారు. డబ్బు కట్టాలి. రవాణా పర్మిట్టు రావాలి. ఆ తర్వాతే లారీ గేటు దాటుతుంది. మంగంపేటలో టిప్పరు నడిపే కుర్రాడికి కూడా తెలిసిన క్రమమిది. పర్మిట్టు లేకుండా లారీ తీస్తే ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మనిషి ప్రయాణానికీ అదే వరస. పాస్‌పోర్టులో వీసా చూసుకోవాలి. పేరు, పుట్టినతేదీ, గడువు సరిగా ఉన్నాయా లేదా సరిచూసుకోవాలి. గల్ఫ్ అయితే వలస అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాతే రాజీనామా, టీసీ, టికెట్టు. ఇక పొలం సంగతి... వెళ్లాక కూడా కౌలుకిచ్చుకోవచ్చు. కువైటు నుంచి 1990లో కట్టుబట్టలతో తిరిగొచ్చిన వాళ్లను ఆదుకున్నది ఊళ్లో మిగిలిన ఇల్లు, నాలుగు సెంట్ల జాగానే. విమానం ఇవాళ తప్పితే రేపు ఇంకొకటి ఉంటుంది. అమ్మిన చేను మళ్లీ ఆ ధరకు దొరకదు!